పక్షవాతము – గడియల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నేను ఏ కావ్యమును గూర్చియో, ఏ కవిని గూర్చియో మాటలాడుదునని మీలో పలువురు తలచియుందురు. నాకును ఆ కోరిక లేకపోలేదు. నేను ఊరి లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. కావ్యములు చదువుటకు నాకు గురువు లేడు; ఈ గ్రంథాలయపు బీరువాలే నా గురుకులము. కావున దీనికి నేను ఋణపడియున్నాను. ఋణము తీర్చుకొనువాడు తనకు ప్రియమైన వస్తువును గాక, ఎదుటివానికి అక్కరకు వచ్చు వస్తువును ఇయ్యవలెను. అందుచేత నేడు కావ్యప్రసంగమును మానుకొని, ప్రతి యింటికిని పనికివచ్చు ఒక లెక్కను మీ ముందు పెట్టుచున్నాను. అది పక్షవాతపు లెక్క. నేను వైద్యుడను కాను. చదివి తెలిసికొన్నదానిని వరుసగా చెప్పుటయే నా పని. చికిత్సను గూర్చి వైద్యుని మాటయే ప్రమాణము.

పల్లెలలో ఎవరైన మరణించినప్పుడు కారణమేమని అడిగినచో, ‘ముసలితనము’ అనియో, ‘వాయువు కమ్మినది’ అనియో, ‘కాలుసేతులు పడిపోయి మంచమెక్కినాడు’ అనియో చెప్పుట పరిపాటి. ఆ మాటల వెనుక నున్న వ్యాధి యేదో విచారించిన పని మన తెలుగునాటనే యొకటి జరిగినది. తూర్పు, పశ్చిమగోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో బైర్రాజు ఫౌండేషను, ఆస్ట్రేలియాలోని జార్జి ఇన్‌స్టిట్యూటు మొదలగు సంస్థలు కూడి 2003–2004 సంవత్సరములలో మరణముల కారణములను సేకరించినవి. ఆ గ్రామముల జనాభా సుమారు 1,80,000. పండ్రెండు మాసములలో సంభవించిన 1,354 మరణములను గూర్చి ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, కడపటి దినములలో ఏమి జరిగినదని బంధువులను అడిగి వ్రాసికొనిరి. వానిని వైద్యులు చూచి కారణములు నిర్ణయించిరి. 2006లో ఆ ఫలితములు ప్రకటింపబడినవి. పల్లెటూళ్లలో అంటువ్యాధులే అధికముగా చంపుచున్నవని అందరును అనుకొనుచుండగా, నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలన కలిగినవని తేలినది. అందులో గుండెజబ్బు పాలు ఎంతయో పక్షవాతపు పాలును ఇంచుమించుగా అంతయే. అంటువ్యాధుల పాలు నూటికి 12 మాత్రమే. గోదావరి తీరపు పల్లెకును కృష్ణకు చేరువనున్న మన పల్లెకును తిండిలో గాని, పనిపాటలలో గాని పెద్ద భేదము లేదు. కావున ఇది పట్టణవాసుల జబ్బు, ధనవంతుల జబ్బు అని మనము ఊరకుండుటకు వీలులేదు.

ఇంతకును పక్షవాతమనగా నేమి? మన పూర్వులు దీనిని చక్కగా గమనించిరి. చరకసంహిత చికిత్సాస్థానములోను, సుశ్రుతసంహిత నిదానస్థానములోను వాతవ్యాధులను వర్ణించుచు, శరీరములో ఒక పక్షము చచ్చుబడుటను పక్షవధ, పక్షాఘాతము అనిరి. ముఖము ఒక ప్రక్కకు వంగుటను అర్దితమనిరి. ‘పక్షము’ అనగా ప్రక్క. ఒక ప్రక్క మాత్రమే పడిపోవుటయే ఈ వ్యాధి ముఖ్య లక్షణమని రెండువేల యేండ్ల క్రిందటివారు పేరులోనే పొదిగి చెప్పినారు. కారణమును మాత్రము వారు వాతదోషమునందు చూచిరి. కారణము మెదడులోని రక్తనాళములయందున్నదని తెలియుటకు చాలకాలము పట్టినది. స్విట్జర్లాండు దేశీయుడైన వెప్ఫర్ అను వైద్యుడు ఇట్లు హఠాత్తుగా పడి మరణించినవారి తలలను పరీక్షించి, మెదడులో రక్తస్రావమగుటను 1658లో గ్రంథస్థము చేసెను.

మన కాలువల ఉపమానముతో చెప్పిన ఈ విషయము సులభముగా బోధపడును. సాగరు ఎడమకాలువ నీటిని నమ్ముకొన్న రైతులకు రెండు కష్టములు తెలియును. పిల్లకాలువకు చెత్త అడ్డుపడిన చివరి మడికి నీరందక పైరు ఎండును. కట్ట తెగిన నీరు పొరలి పైరు మునుగును. మెదడునకు రక్తమును తెచ్చు నాళములకును ఈ రెండు కష్టములే. నాళములో రక్తపుగడ్డ అడ్డుపడుట యొకటి. నాళము చిట్లి రక్తము పొరలుట రెండవది. మొదటిదే ఎక్కువమందికి వచ్చును. రెండవది వచ్చినవారిలో మరణములెక్కువ. మెదడు ఎడమభాగము శరీరపు కుడిప్రక్కను, కుడిభాగము ఎడమప్రక్కను నడిపించును. చాలమందికి మాట ఎడమభాగమునందుండును. అందుచేతనే కుడిచేయి పడిపోయినవానికి తరచుగా మాటయు పోవుచుండును.

ఎండుచున్న మడికి సాయంత్రమునకు నీరందినను పైరు కొంత కోలుకొనును. మెదడునకు అంత ఓపిక లేదు. పెద్ద నాళము మూసికొనిపోయి చికిత్స లేకున్నచో, సగటున నిమిషమునకు 19 లక్షల మెదడుకణములు నశించునని జెఫ్రీ సేవర్ అను అమెరికా వైద్యుడు 2006లో లెక్కగట్టెను. మన గడియకు 24 నిమిషములు. గడియ యొక్కింటికి 4 కోట్ల 56 లక్షల కణములు పోయినట్లు. ‘ఒక గడియ చూతము’ అను మాట మన నోట ఎంత తేలికగా వచ్చును! ఆ గడియ వెల ఇది.

ఈ వ్యాధిని ఎట్లు గుర్తింపవలెను? ఇందుకు యంత్రములు అక్కరలేదు. అమెరికాలోని సిన్సినాటి నగర వైద్యులు 1990ల తుదిలో మూడు చిన్న పరీక్షలను ఏర్పరచిరి. నేడు లోకమంతటను అవే వాడుకలో ఉన్నవి. మనవారు మరువకుండుటకు నేను వానిని ‘మూతి, చేయి, మాట’ అని చెప్పుచుందును.

మొదటిది మూతి. రోగిని నవ్వుమని గాని, పండ్లు కనబరచుమని గాని అడుగుడు. పెదవి ఒక ప్రక్కకు లాగుకొనిపోయి, రెండవ ప్రక్క జారియున్నచో అది చిహ్నము. త్రాగిన నీరు పెదవి మూలనుండి కారుట, నమలుచున్న మెతుకు జారిపోవుట కూడ దీని రూపములే.

రెండవది చేయి. కన్నులు మూసికొని రెండు చేతులును ముందునకు చాచి, పది లెక్కించువరకు నిలుపుమనుడు. ఒక చేయి లేవకున్నను, లేచి క్రిందికి జారుచున్నను చిహ్నమే. చేతిలోని చెంబు జారిపోవుట, కాలిచెప్పు తనకు తెలియకుండ ఊడిపోవుట, ఒక ప్రక్క తిమ్మిరి కమ్ముట ఇట్టివే.

మూడవది మాట. ఊరిపేరును, ఇంటివారి పేర్లును చెప్పుమనుడు. మాట ముద్దగా వచ్చినను, ఒక మాటకు మారుగా మరియొకటి వచ్చినను, మనము చెప్పినది అతనికి బోధపడకున్నను చిహ్నమే.

ఈ మూడింటిలో ఒక్కటి తప్పినను చాలును. మూడును కనబడవలెనని వేచియుండరాదు. ఇవిగాక, హఠాత్తుగా ఒక కన్ను గాని, రెండు కన్నుల చూపు గాని మసకబారుట, ఒకటి రెండుగా కనబడుట, తల తిరిగి అడుగు నిలువకుండుట, మునుపెన్నడును ఎరుగనంతటి తలనొప్పి పిడుగువలె వచ్చుట కూడ గమనింపవలసినవే. వీనియన్నిటికిని కీలకమైన మాట ‘హఠాత్తుగా’ అనునది. ఏండ్లతరబడి క్రమముగా వచ్చిన నిస్సత్తువ వేరు, భోజనము చేయుచుండగా వచ్చిన నిస్సత్తువ వేరు. మూతి మాత్రమే వంకరపోవు వేరొక వ్యాధియు కలదు. అది ఇదియో, కాదో తేల్చుట వైద్యుని పని. మనము అరుగుమీద కూర్చుండి తీర్పు చెప్పరాదు.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన మాట యొకటి చెప్పవలెను. శివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతరలో ఇసుకవేసిన రాలనంత జనము కూడుదురు. అట్టిచోట ఒకడు తూలుచు, ముద్దమాటలాడుచు కనబడినచో, త్రాగియున్నాడని తలచి ప్రక్కకు త్రోయుట సహజము. త్రాగినవాడు రెండు ప్రక్కలకును తూలును. త్రాగినవాని మూతి ఒక ప్రక్కకే వ్రేలాడదు. అతనిని కూర్చుండబెట్టి, రెండు చేతులు ఎత్తుమని అడుగుటకు అరనిమిషము పట్టును. సిమెంటు కర్మాగారములలో రాత్రివంతు పనిచేయు సోదరులకును ఇదే మనవి. ప్రక్కనున్నవాడు మాట తడబడినప్పుడు నిద్రమత్తు అనుకొనవలదు.

చిహ్నము కనబడినది. తరువాత చేయవలసినదేమి? వెంటనే 108 సంఖ్యకు ఫోను చేయవలెను. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై పల్లెలకు వ్యాపించినది. ‘మూతి వంకరపోయినది, కుడిచేయి లేచుటలేదు, మాట తడబడుచున్నది, ఇన్ని గంటలకు మొదలైనది’ అని నాలుగు ముక్కలలో చెప్పిన చాలును. ఆ బండి వచ్చుట ఆలస్యమగునని తెలిసినచో, దొరికిన కారులోనో జీపులోనో బయలుదేరవలెను.

బండి వచ్చులోపల రోగిని ఒక ప్రక్కకు ఒత్తిగిలి పరుండబెట్టి, మెడచుట్టు గుడ్డలు వదులు చేయవలెను. వాంతి యైనచో అది ఊపిరితిత్తులలోనికి పోకుండ తుడువవలెను. నోట ఏమియు పోయరాదు: మంచినీరు కాదు, చక్కెరనీరు కాదు, కాఫీ కాదు, కషాయము కాదు, మాత్ర కాదు. మ్రింగుశక్తి తప్పియున్న గొంతులో పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. రక్తము పలుచనగు మాత్ర మంచిదని ఎవరో చెప్పగా కొందరు ఇంటిలోనే ఇచ్చెదరు. కాలువకు చెత్త అడ్డుపడినదో, కట్టయే తెగినదో పైనుండి చూచి బ్రహ్మయైనను చెప్పలేడు. కట్ట తెగినచోట ఆ మాత్ర వేయుట గండిని పెద్దది చేయుటయే. రక్తపుపోటును వెంటనే దింపుటకై మాత్రలు వేయుటయు ఇంటివారి పని కాదు. చేతివ్రేళ్లకు సూదులు గ్రుచ్చుటవలన గాని, పావురపు నెత్తురు మర్దించుటవలన గాని మెదడులోని అడ్డు తొలగదు. తైలమర్దనమునకు, వ్యాయామమునకు తరువాత దినములున్నవి. ఆ మొదటి జాము మాత్రము వానిది కాదు.

జాము అంటిని గనుక, అసలు లెక్కకు వత్తును. అడ్డుపడిన గడ్డను కరగించు మందు అమెరికాలో 624 మంది రోగులపై పరీక్షింపబడి, దాని ఫలితము 1995లో ప్రకటితమైనది. 1996లో ఆ దేశపు ప్రభుత్వము దానిని ఆమోదించినది. మొదట 3 గంటల లోపల ఇచ్చిననే గుణమనిరి. 2008లో యూరపు ఖండమున జరిగిన పరిశీలన తరువాత గడువు 4½ గంటలకు పెరిగినది. మన లెక్కలో 3 గంటలు ఒక జాము; 4½ గంటలు ఒకటిన్నర జాము. ఈ మందు అమృతము కాదు. మూడు మాసముల తరువాత చూడగా, మందు పుచ్చుకొన్నవారిలో అవిటితనము లేకుండ గాని, స్వల్పముగా మాత్రము మిగిలి గాని బయటపడినవారు, పుచ్చుకొననివారికంటె కనీసము నూటికి 30 వంతులు హెచ్చుగా ఉండిరి. నూటికి ఆరుగురికి మెదడులో రక్తస్రావమును కలిగినది. అందుచేతనే వైద్యుడు తలకు సీటీ స్కాను తీయించి, రక్తస్రావము లేదని చూచి, లాభనష్టములు తూచిన పిమ్మటనే ఇచ్చును. ఎంత ముందుగా ఇచ్చిన అంత లాభము. గడువులోపల చేరిన చాలునని నెమ్మదిగా పోవుట శిస్తు కట్టుటకు పనికివచ్చునేమో గాని, ఇందులకు పనికిరాదు.

ఇప్పుడు మేళ్లచెరువునుండి లెక్క వేయుదము. జమ: 270 నిమిషములు. ఆసుపత్రిలో పరీక్ష, స్కాను, మందు ఎక్కించుట అన్నియు చురుకుగా జరిగినను ఒక గంట పట్టును; 60 తీసివేయుడు. ఇక్కడనుండి కోదాడకు ఇరువది కిలోమీటర్లకు పైగా దూరము, 40 నిమిషములనుకొందము. అక్కడనుండి జాతీయరహదారిపై సూర్యాపేటకు గాని, మరియొక పెద్ద ఊరికి గాని పోవలసివచ్చిన మరియొక గంట. అన్నియు పోగా మన చేతిలో మిగులునది 110 నిమిషములు. గుర్తించుట, ఎత్తుట, బండి తెప్పించుట, డబ్బు చూచుకొనుట సర్వము ఆ 110 నిమిషములలోనే.

ఇక ఖర్చు చూడుడు. ఇది ఎవరింటను జరిగిన కథ కాదు, లెక్కకొరకు ఊహించినది. పొద్దున ఆరుగంటలకు యజమాని చేయి పడిపోయినది. ‘కాసేపు నూనె రాసి చూతము’ అని 40 నిమిషములు. ఊరిలో సూది వేయువానిని పిలిచి సెలైను పెట్టించుటకు 40 నిమిషములు. ‘పెద్దకొడుకు పొలమునుండి రానిండు, ఎక్కడికి తీసికొనిపోవలెనో వాడు చెప్పును’ అని 45 నిమిషములు. మొత్తము 125. నిలువ లేకపోగా 15 నిమిషములు బాకీ! అందరును ప్రేమతోనే మెలగిరి. ఒక్కరును అశ్రద్ధ చేయలేదు. అయినను కాలము చెల్లిపోయినది. ఈ బాకీని ఆ యజమాని తన కుడిచేతితోను, మాటతోను, ఒక్కొక్కప్పుడు ప్రాణముతోను తీర్పవలసియుండును.

ఇందులో మన పెద్దలను తప్పుపట్టుటకు వీలులేదు. వారి కాలమున పరుగెత్తిపోయినను చేరుటకు చోటు లేదు. తలలోపల ఏమి జరిగినదో బ్రదికియున్నవానియందు చూడగల స్కాను యంత్రముతో మొట్టమొదటి రోగిని పరీక్షించినది 1971 అక్టోబరులో, ఇంగ్లండు దేశమున. దానిని కనుగొన్న హౌన్స్‌ఫీల్డునకు, దానికి గణితమును సమకూర్చిన కార్మాక్‌నకు 1979లో నోబెలు బహుమానము వచ్చినది. గడ్డను కరగించు మందు 1996 తరువాతిది. అంతవరకును పక్షవాతము వచ్చినవానిని ఇంట పరుండబెట్టి, దైవముపై భారము వేసి, ఓపికతో సేవించుటయే ఉత్తమధర్మముగా ఉండెను. ఆ ఓర్పు ఆనాడు వివేకము. మందు వచ్చినది, మార్గము వచ్చినది, బండి వచ్చినది. మన అలవాటు మాత్రము ఆ పాతకాలమునందే నిలిచిపోయినది. నేను మార్పుమని వేడుచున్నది ఆ అలవాటునే.

మార్పవలసినది మరియొకటి కలదు. ఇంటిలో చిహ్నమును మొదట చూచువారెవరు? తరచుగా అన్నము వడ్డించు కోడలు. లేదా ప్రక్కన పరుండు మనుమడు. కాని బండిని పిలుచు అధికారము వారికి లేదని మన ఇండ్లలో ఒక భావము. అత్తగారి పెదవి జారుట చూచిన కోడలు ‘మామగారు వచ్చిన తరువాత చెప్పుదము’ అని ఊరకుండిన గడియ పోవును. కావున ప్రతి గృహయజమానియు నేడే తన ఇంటివారితో ఇట్లు చెప్పవలెను: ‘ఎవరు చూచిరో వారే పిలువుడు. నా ఆజ్ఞకు ఎదురుచూడవలదు. పిలిచినది వృథా యైనను ఎవరును మందలింపరు.’ ఈ ఒక్క మాటతో మనకు 45 నిమిషములు జమ పడును.

లెక్కలవాడను గనుక మరియొక మనవి. కాలమును వ్రాసికొనుడు. వైద్యుడు మొట్టమొదట అడుగు ప్రశ్న, ‘ఇతడు బాగుండగా కడపట చూచినదెప్పుడు?’ అనునది. మీరు ఎప్పుడు కనుగొంటిరో అది కాదు ఆయనకు కావలసినది. రాత్రి పదిగంటలకు బాగుండి పరుండినవాడు, ఉదయము ఐదింటికి చేయి లేవక లేచినచో, లెక్క రాత్రి పదింటినుండియే మొదలగును. అట్టి సమయమున ‘గడువు దాటినది గదా, ఇక ఎందుకు?’ అని నిరాశ చెందరాదు. గజ్జలలోని నాళముగుండ సన్నని గొట్టమును పంపి, మెదడులోని గడ్డను లాగివేయు విధానము 2015లో వెలువడిన పరిశీలనలతో స్థిరపడినది. పెద్ద నాళము మూసికొన్నవారికి అది 6 గంటల వరకును, స్కానులో తగినవారని తేలిన కొందరికి 24 గంటల వరకును పనికివచ్చునని 2018లో తేలినది. కట్ట తెగినవారికి కూడ రక్తపుపోటును అదుపుచేయుట మొదలగు చికిత్స త్వరగా కావలెను. అందుచేత ఎప్పుడు చూచినను వెంటనే పోవలసినదే. పోవునప్పుడు రోగి వాడుచున్న మందుల చీటీలు, ఆరోగ్యశ్రీ కార్డు తీసికొనుడు. వానికై వెదకుచు బండిని ఆపవలదు. జరిగినది కన్నులార చూచినవారు ఒకరు వెంట పోవలెను.

చిహ్నములు కనబడి, కొంతసేపటికి వానియంతట అవే పోవుటయు కలదు. చేయి పట్టుదప్పి, అరగంటకు మరల బాగుపడును. ఇంటిల్లిపాదియు ‘గండము గడిచినది’ అని సంతోషింతురు. అది గండము గడుచుట కాదు, గండము కబురంపుట. అట్టివారిని గూర్చి కాలిఫోర్నియాలో చేసిన పరిశీలన 2000లో ప్రకటింపబడినది. నూటికి పదిమందికి 90 దినములలోపల నిజమైన పక్షవాతము వచ్చినది. వారిలో సగముమందికి మొదటి రెండు దినములలోనే వచ్చినది. కావున చేయి బాగుపడినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

వ్యాధి వచ్చిన తరువాతి పరుగుకంటె రాకుండ చూచుకొనుట మేలు. పక్షవాతమును తెచ్చు కారణములలో అగ్రస్థానము రక్తపుపోటుదే. ఇది నొప్పి పెట్టదు, కనబడదు; కొలిచిన గాని తెలియదు. ఇందుకు లోకప్రసిద్ధమైన దృష్టాంతము అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు. 1944 మార్చిలో ఆయన రక్తపుపోటు 186/108గా ఉండెను. 1945 ఏప్రిల్ 12న తలలో భరింపరాని నొప్పి వచ్చి, మెదడులో రక్తస్రావమై, కొన్ని గంటలలో మరణించెను. ఆనాటి పోటు 300/190. ప్రపంచములోని మేటి వైద్యులు ప్రక్కనుండియు ఏమి చేయగలిగిరి? పోటును నిలకడగా దింపు సరియైన మాత్రలు ఆ కాలమున లేవు. ఆ చక్రవర్తివంటివానికి దొరకని మాత్ర నేడు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములో కూలివానికి ఉచితముగా ఇచ్చుచున్నారు. మనము దానిని తెచ్చుకొని, నాలుగు దినములు మ్రింగి, ‘నాకు బాగుగనే ఉన్నది గదా’ అని అటకమీద పెట్టుచున్నాము! బాగుగా ఉన్నది మాత్ర మ్రింగుటచేతనే.

మన దేశమున పండిత జవహర్‌లాల్ నెహ్రూగారిని తలచుకొనుడు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరునకు శంకుస్థాపన చేసినది ఆయనయే. 1964 జనవరిలో భువనేశ్వరు కాంగ్రెసు మహాసభ సమయమున ఆయనకు పక్షవాతము సోకినది. కొన్ని మాసములు తేరుకొన్నట్లే ఉండి, మే 27న కన్నుమూసిరి. సాగరు నీరు 1967లో కాలువలకు విడువబడినది. ఆ మహానుభావుడు దానిని చూడలేదు. ఎంతటి దీక్షాపరుడైనను శరీరధర్మమునకు లోబడవలసినవాడే.

కావున ముప్పదియేండ్లు దాటిన ప్రతివారును ఏటికొకమారైనను పోటు కొలిపించుకొనవలెను. మరల మరల కొలిచినను 140/90 గాని, అంతకు మించి గాని ఉన్నచో వైద్యుని చూడవలెను. వైద్యుడు చెప్పకుండ మాత్ర మానరాదు. మధుమేహమును అదుపునందుంచవలెను. చుట్ట, బీడీ, సిగరెట్టు, జర్దా, గుట్కాలను విడువవలెను. మద్యము మానవలెను. గుండె లయ తప్పి కొట్టుకొనువారు, కవాటముల జబ్బు ఉన్నవారు వైద్యుని అనుమతి లేక మందు ఆపరాదు. ఉప్పు దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెమ్చాకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పచ్చడి, ఊరగాయ, అప్పడము లేనిదే ముద్ద దిగని మనకు ఇది కష్టమే. ఆవకాయను పూర్తిగా వదలుమని నేను ఏ ముఖముతో చెప్పగలను? పెద్ద బద్దకు మారు చిన్న బద్ద వేసికొనుడు, మజ్జిగలో ఉప్పు మానుడు, అక్కడ మొదలుపెట్టుడు.

ఇంత చేసినను కొందరికి వ్యాధి రాక తప్పదు; వచ్చిన కొందరికి అవిటితనము మిగులక తప్పదు. వారిని గూర్చి ఒక మాట చెప్పనిదే ఈ ప్రసంగము పూర్తి కాదు. మాట పోయినవానికి బుద్ధి పోలేదు. చాలమంది అన్నియు వినుచు, తెలిసికొనుచునే ఉందురు. వారి మంచము ప్రక్కన నిలిచి ఆస్తి పంపకములు, వైద్యపు ఖర్చులు మాటలాడుట క్రూరత్వము. మెల్లగా, ఒక్కొక్క ప్రశ్నగా అడిగి, తల ఊపుటకు వ్యవధి ఇయ్యవలెను. మొదటి మాసములలో వ్యాయామము, మాట అభ్యాసము క్రమముగా చేయించిన కోలుకొనుట హెచ్చు. వారికి సేవచేయు ఇల్లాలికి కూడ విశ్రాంతి కావలెను. ఒకపూట ఆమెకు బదులు కూర్చుండువాడే నిజమైన బంధువు.

తుదకు మన గ్రంథాలయమునకు మూడు మనవులు. మొదటిది: వార్తాపత్రికలు చదువు బల్లకు ఎదురుగా ‘మూతి, చేయి, మాట – 108’ అని పెద్ద అక్షరములతో ఒక పలక వ్రాయించి తగిలింపవలెను. రెండవది: మన చుట్టుప్రక్కల ఏ ఆసుపత్రిలో రాత్రింబవళ్లు సీటీ స్కాను కలదో, ఎచ్చట గడ్డ కరగించు మందు ఇచ్చెదరో కార్యదర్శిగారు విచారించి, వాని ఫోను సంఖ్యలతో ఒక పట్టిక వ్రాసి, ఆరుమాసములకొకమారు సరిచూచి పెట్టవలెను. ఆపద వచ్చిననాడు విచారించుట ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట వంటిది. స్కాను లేని చోటికి పోయి, అక్కడనుండి మరియొక చోటికి మరలుటలోనే మన 110 నిమిషములు కరగిపోవును. మూడవది: పోటు కొలుచు యంత్రము నొకదానిని కొని, ఆరోగ్య కార్యకర్త సాయముతో వారమునకొక సాయంకాలము చందాదారులకు కొలిపించి, చిన్న పుస్తకములలో వ్రాసి ఇయ్యవలెను. ఆ పుస్తకములు వ్రాయు పని నాకు ఒప్పగించిన సంతోషముతో చేయుదును. అంకెలు నాకు అలవాటే.

గ్రంథాలయము విద్యను దానము చేయును. చదివిన మాట ఒక ఇంటిలో ఒక మనిషి చేతిని, మాటను, ప్రాణమును నిలిపినచో ఆ విద్యాదానము ప్రాణదానము కూడ అగును. రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ సంస్థకు అట్టి పుణ్యము పలుమారులు దక్కుగాక యని కోరుచున్నాను.